ఇంట్లోనే పిల్లి ఎలర్జీ టెస్ట్ చేసుకోవచ్చా? మావారికి తుమ్ములు ఆగట్లేదు, పాప పిల్లిని వదలట్లేదు

సముద్రంగాలి (విశాఖపట్నం)

అందరికీ నమస్తే అండి. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

ఆగస్టులో వానలప్పుడు మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో స్కూటీ కింద ఓ పిల్లికూన దొరికింది. తల్లి వస్తుందేమో అని రెండ్రోజులు చూసాం, రాలేదు, మా పాప (నాలుగో తరగతి) అన్నం మానేసి కూర్చుంటే ఇంక పైకి తెచ్చేసాం. పేరు జున్ను. ఇప్పుడు మా ఇంట్లో మనిషే అయిపోయాడు.

సమస్య ఏంటంటే సెప్టెంబర్ నుంచి మావారికి పొద్దున్న లేవగానే తుమ్ములు, ఒకటీ రెండూ కాదు వరసగా పది పదిహేను, ముక్కు నీళ్లలా కారడం, కళ్లు ఎర్రబడి దురద. తొమ్మిదింటికి ఆఫీసుకి వెళ్లేసరికి కొంచెం సర్దుకుంటుంది, మళ్లీ రాత్రి పడుకునే ముందు మొదలు. అత్తయ్యగారు ఏమో పిల్లి వెంట్రుక ఊపిరితిత్తుల్లోకి పోతే ఉబ్బసం వస్తుంది, ఇచ్చేయండి అంటున్నారు. ఆవిడ తమ్ముడు గారు ఉబ్బసంతో చాలా బాధపడ్డారు, ఆ భయం ఆవిడకి పోలేదు, నేను ఆవిణ్ణి తప్పు పట్టను. కానీ పాప మొహం చూస్తే నాకు చెయ్యి ఆడట్లేదు. నిజంగా పిల్లి వల్లే అని తేలితే ఏదో ఒకటి చేస్తాం, తేలకుండా పంపేయడానికి మనసు రావట్లేదు.

ఒక వీడియోలో చేతి మీద సేఫ్టీపిన్‌తో చిన్నగా గీరి దాని మీద పిల్లి బొచ్చు రుద్ది ఇరవై నిమిషాలు చూడమన్నారు, దద్దురు వస్తే ఎలర్జీ ఉన్నట్టట. ఇంకో చోట వేలు మీద పొడుచుకుని రక్తం చుక్క పంపే కిట్ చూసాను, ఇంకోళ్లు తల వెంట్రుక పంపితే చాలు అంటున్నారు. వీటిల్లో ఏది నమ్మొచ్చు? ఇంట్లోనే తెలుసుకునే దారి ఏమైనా ఉందా?

మూడుపిల్లులిల్లు (హైదరాబాద్)

అక్కా ముందు ఆ సేఫ్టీపిన్ పని మాత్రం చెయ్యొద్దు, అన్నయ్యగారితో చెయ్యనివ్వొద్దు. పిల్లి రోజంతా ఒళ్లు నాక్కుంటుంది కదా, ఆ బొచ్చుకి దాని లాలాజలం అంటుకుని ఉంటుంది. గీరిన చోట అది రుద్దడం అంటే తెగిన చర్మం మీద పిల్లి నాకినట్టే లెక్క. మన దేశంలో రేబిస్ ఉంది అని మర్చిపోకూడదు. సెల్లార్‌లో దొరికిన కూన, తల్లి ఎవరో దానికి ఏమైందో తెలీదు. జున్నుకి మూడు నెలలు నిండాయా, రేబిస్ టీకా వేయించారా? లేకపోతే ముందు అది. ఆడుకుంటూ ఎవర్నైనా గీరినా కొరికినా పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి, ప్రభుత్వాసుపత్రుల్లో ఆ సూదులు ఉచితంగానే వేస్తారు. పసుపు పెట్టి ఊరుకోవద్దు. ఎలర్జీ గురించి అడిగితే ఇదేంటి అనుకోకండి, చిన్న పాప ఉన్న ఇల్లు కాబట్టి చెప్తున్నా.

ఇప్పుడు అసలు సంగతి. నేను ఎనిమిదేళ్లుగా పిల్లుల్ని తెచ్చి బాగుచేసి వేరేవాళ్ల ఇళ్లకి ఇస్తుంటాను, నాకూ పిల్లి ఎలర్జీ ఉంది, పరీక్షలో తేలిందే. అత్తయ్యగారికి చెప్పండి, వెంట్రుక కాదు అసలు దొంగ. పిల్లి లాలాజలంలో, చర్మం కింద నూనె గ్రంథుల్లో ఒక ప్రోటీన్ తయారవుతుంది, ఫెల్ డి 1 అంటారు, పిల్లి ఎలర్జీ ఉన్నవాళ్లలో నూటికి తొంభై మందికి పైనే దీనికే పడదు. నాక్కున్నప్పుడు బొచ్చుకి అంటి, ఎండి, కంటికి కనపడనంత సన్నటి పొడిలా గాల్లో తేలుతుంది, గంటలు గంటలు కిందకి దిగదు, బట్టలకి గోడలకి కర్టెన్లకి అతుక్కుంటుంది. అందుకే బొచ్చు లేని జాతి తెచ్చుకున్నా, గుండు కొట్టించినా ఎలర్జీ పోదు. మగ పిల్లులు ఆపరేషన్ చేయించకపోతే ఇది ఎక్కువ వదులుతాయి, ఆపరేషన్ అయ్యాక తగ్గుతుంది.

ఇంట్లో చేసుకోగలిగింది టెస్ట్ కాదు, గమనించడం. అది కూడా పద్ధతిగా చేస్తే చాలా తెలుస్తుంది. మీరు రాసిన దాంట్లోనే నాకు ఒక అనుమానం వచ్చింది. లేవగానే తుమ్ములు, పడుకునే ముందు తుమ్ములు అన్నారు. అంటే పిల్లి దగ్గరా, మంచం దగ్గరా? జున్ను మీ పక్క మీదే పడుకుంటాడా? దాన్నిబట్టి కథ మారిపోతుంది. ఆయన హాల్లో జున్నుని ఒళ్లో పెట్టుకుని టీవీ చూసినప్పుడు ఏమవుతుంది? పిల్లి ఎలర్జీ ఉన్న మనిషి పిల్లిని మొహానికి ఆనించుకుంటే చాలాసార్లు పావుగంటలోపే కళ్లు చెప్పేస్తాయి. నాకైతే పది నిమిషాలు. అలాగని ఇప్పుడు మొహానికి రుద్ది చూడమని కాదు! మామూలుగా జరిగేదే గడియారం చూసి రాసుకోండి.

ఇంకోటి, కాళ్ల మీద చిన్న చిన్న దద్దుర్లు ఉంటే అవి పిల్లి ఒంటి మీద ఉండే ఫ్లీస్ (గెంతే చిన్న పురుగులు) కుట్టినవి అయ్యుండొచ్చు, గుండ్రటి మచ్చలా అంచు ఎర్రగా ఉంటే తామర, పిల్లికూనల నుంచి అది బాగా అంటుకుంటుంది. ఈ రెంటినీ చాలామంది ఎలర్జీ అనుకుని పిల్లిని పంపేస్తారు. ఉంటే జున్నుని వెటర్నరీ డాక్టర్‌కి చూపించండి.

ల్యాబ్_బెంచి (గుంటూరు)

పైన మేడం గారు చెప్పింది కరెక్ట్. నేను డాక్టర్ని కాదండి, డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో 14 ఏళ్లుగా పనిచేస్తున్నాను, కాబట్టి టెస్టుల వరకు చెప్తాను.

ఆ వీడియో వాళ్లు స్కిన్ ప్రిక్ టెస్ట్‌ని కాపీ కొట్టారు, కానీ అందులో ముఖ్యమైందే వదిలేసారు. ఆస్పత్రిలో ముంజేతి లోపలి వైపు ఎలర్జీ తెప్పించే వస్తువుల ద్రావణాలు వరసగా చుక్కలు వేస్తారు, ప్రతి చుక్క మీదా చిన్న లాన్సెట్‌తో పైపైన గుచ్చుతారు, రక్తం రాదు. ఆ వరసలో రెండు చుక్కలు ఎలర్జీవి కావు. ఒకటి హిస్టమిన్ (ఎలర్జీ వచ్చినప్పుడు ఒంట్లో విడుదలై దద్దురు లేపే పదార్థం), అది ఎవరికైనా పొంగాలి. రెండోది ఉత్త ఉప్పునీళ్లు, అది ఎవరికీ పొంగకూడదు. 15-20 నిమిషాలు ఆగి స్కేలుతో కొలుస్తారు, ఉప్పునీళ్ల చుక్క కంటే 3 మిల్లీమీటర్లు లేదా ఎక్కువ పొంగితేనే పాజిటివ్. ఇప్పుడు ఇంట్లో పిన్నుతో గీరారు అనుకోండి, కొంతమంది చర్మం ఊరికే గోరుతో గీస్తేనే లేస్తుంది, వాళ్లకి పిల్లి బొచ్చు రుద్దినా తలుపు గొళ్లెం రుద్దినా దద్దురే. ఇంకో మనిషి రాత్రి సిట్రిజిన్ (ఎలర్జీ మాత్ర) వేసుకుని ఉంటాడు, ఎలర్జీ ఉన్నా ఏమీ లేవదు. పోల్చి చూసే ఆ రెండు చుక్కలు లేకుండా ఏం వచ్చినా దానికి అర్థం లేదు. అరుదుగానే అయినా ఒళ్లంతా రియాక్షన్ వచ్చే వీలు కూడా ఉంది కాబట్టే అది డాక్టరు ఎదురుగా, మందు చేతిలో పెట్టుకుని చేస్తారు.

రక్తం కిట్ల సంగతి. అందులో ఏం కొలుస్తున్నారో చదవండి. పిల్లికి సంబంధించిన స్పెసిఫిక్ ఐజీఈ (ఎలర్జీ ఉన్నప్పుడు ఆ ఒక్క వస్తువు మీద ఒళ్లు తయారుచేసే యాంటీబాడీ) అని ఉంటే అది పనికొచ్చే టెస్టే, మామూలు ల్యాబ్‌లో చెయ్యి నుంచి రక్తం తీసి చేసేదీ అదే, దానికి ఎలర్జీ మాత్రలు ఆపక్కర్లేదు. ఐజీజీ (ఇంకో రకం యాంటీబాడీ) అని ఉంటే డబ్బు దండగ, ఒక వస్తువు ఒంటికి తగిలింది అని చెప్తుంది తప్ప అది పడదు అని చెప్పదు. ఉత్త టోటల్ ఐజీఈ అయితే దాంతో పిల్లి సంగతి ఏమీ తేలదు, కడుపులో నులిపురుగులు ఉన్నా అది పెరుగుతుంది, రిపోర్టు పట్టుకుని వచ్చి సార్ ఇంత పెరిగింది ఏ ఎలర్జీ అని అడిగేవాళ్లు వారానికి ఒకరైనా ఉంటారు మాకు. తల వెంట్రుక టెస్టు అసలు టెస్టే కాదు, ఎలర్జీ చూపించేది వెంట్రుకలో ఏమీ ఉండదు.

ఒక్క మాట బాగా గుర్తుపెట్టుకోండి. స్పెసిఫిక్ ఐజీఈ 0.35 యూనిట్లు దాటితే మామూలుగా పాజిటివ్ అని రాస్తాం, కానీ పాజిటివ్ వచ్చిన వాళ్లందరికీ బాధ ఉండదు. ఒళ్లు గుర్తుపట్టింది అని మాత్రమే దాని అర్థం. పిల్లి దగ్గర తుమ్ములు వస్తున్నాయా అన్నది మీ డైరీ చెప్పాలి, రిపోర్టు ఆ డైరీకి సాక్ష్యం. రెండూ కలిస్తేనే ఎలర్జీ అంటారు. అందుకని ఇంట్లో గమనించడం అనేది చిన్న పని కాదు, సగం టెస్టు అదే.

మీవారు ఇప్పుడు ఏమైనా మాత్ర వేసుకుంటున్నారా?

సముద్రంగాలి

చాలా థాంక్స్ అండి ఇద్దరికీ. పిన్ను ఆలోచన మానేసాం. జున్నుకి టీకా ఈ శనివారం.

అవునండి, రోజూ రాత్రి సిట్రిజిన్ వేసుకుంటున్నారు, మెడికల్ షాపులో ఇచ్చిందే, నెల పైనే అయింది. జున్ను మా కాళ్ల దగ్గర మంచం మీదే పడుకుంటాడు. హాల్లో ఒళ్లో పెట్టుకుంటే ఎలా ఉంటుంది అంటే నిజం చెప్తున్నా నేను ఎప్పుడూ గమనించలేదు, ఆయన్ని అడిగితే గుర్తులేదు అన్నారు. అత్తయ్యగారు మాత్రం ఒకటి అన్నారు, పెళ్లి కాకముందు కూడా వాడికి కార్తీక మాసంలో పొద్దున్నే తుమ్ములు ఉండేవి అని. నాకు ఇది ఇప్పటిదాకా తెలీదు!

ఓరుగల్లు_బిడ్డ (వరంగల్)

అక్కా నా ముచ్చట జెప్త, జర ఆగి నిర్ణయం తీస్కోండ్రి. నాకు గూడ గిట్లనే తుమ్ములు, ఇంట్ల అందరు పిల్లి పిల్లి అన్నరు, నాలుగేండ్లు పెంచిన పిల్లిని మా చిన్నమ్మోళ్ల ఊరికి ఇచ్చేసినం. ఇచ్చినంక నెల రోజులు జూసిన, తుమ్ములు తగ్గలే. అప్పుడు దవాఖానల టెస్ట్ చేయించుకుంటే డస్ట్ మైట్స్ (పరుపుల దుమ్ముల ఉండే కంటికి కనవడని పురుగులు), బొద్దింకలు వచ్చినయ్, పిల్లికి ఏం రాలే. పరుపు మార్చినం, వంటింట్ల బొద్దింకల మందు కొట్టించినం, ఇప్పుడు మస్తు ఫరక్ పడ్డది. పిల్లి మాత్రం అక్కడ పొలాల పోయి మళ్ల రాలే. ఇప్పటికి గూడ మా అమ్మ పాలు కాగబెట్టినప్పుడల్లా దాని పేరు తీస్తది. ముందుగాల టెస్ట్, తర్వాతనే పిల్లి సంగతి. ఉల్టా చెయ్యకుండ్రి.

ల్యాబ్_బెంచి

తమ్ముడూ బాధగా ఉంది చదువుతుంటే. మిగతావాళ్ల కోసం ఒక్క సవరణ చెప్తాను, ఏమీ అనుకోకు. నీ టెస్టులో పిల్లి నెగటివ్ వచ్చింది కాబట్టి నీ విషయంలో తేలిపోయింది. కానీ "ఇచ్చేసి నెల అయింది, తగ్గలేదు, కాబట్టి పిల్లి కాదు" అని మాత్రం ఎవరూ లెక్క వేయకూడదు. పిల్లి వెళ్లిపోయినా దాని ప్రోటీన్ పరుపుల్లో సోఫాల్లో నాలుగు నుంచి ఆరు నెలలు ఉంటుంది. అందుకే పిల్లిని రెండు వారాలు చుట్టాలింట్లో పెట్టి చూడటం అనే టెస్టు పనికిరాదు, పిల్లికి కష్టం తప్ప ఏమీ తెలియదు. పిల్లిని కదపకుండా మనిషిని కదపాలి. ఆయన వేరే ఊరు వెళ్లి వారం ఉండి, అక్కడ ఎలా ఉందో, తిరిగొచ్చిన మొదటి రెండు గంటలు ఎలా ఉందో చూడాలి. రోజూ పిల్లితో ఉన్నప్పుడు ఒళ్లు కొంత అలవాటు పడ్డట్టు ఉంటుంది, విడిచి ఉండి వస్తే ఒక్కసారిగా బయటపడుతుంది, హాస్టల్ నుంచి పండక్కి ఇంటికొచ్చిన పిల్లలకి ఇంట్లో పిల్లి దగ్గర కొత్తగా తుమ్ములు రావడం అందుకే.

సముద్రంగాలి గారూ, సిట్రిజిన్ వేసుకుంటూ డైరీ రాస్తే సగం సంగతి దాగిపోతుంది. డాక్టర్ని అడిగి ఆపండి. స్కిన్ టెస్ట్ కైనా కనీసం 5-7 రోజుల ముందు ఆపమంటారు. ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే ఆ టెస్టుకి అడ్డం కాదు. ఉబ్బసం ఇన్‌హేలర్ ఉంటే మాత్రం సొంతంగా ఎప్పుడూ ఆపకూడదు.

మూడుపిల్లులిల్లు

మంచం మీదే పడుకుంటాడు + కార్తీక మాసం తుమ్ములు పాతవి = నా అనుమానం ఇంకా పెరిగింది అక్కా. వైజాగ్ గాలిలో తేమ ఎక్కువ, డస్ట్ మైట్స్‌కి కావాల్సింది అదే. మన ఒంటి నుంచి రాలే చర్మం పొట్టు తిని పరుపుల్లో దిళ్లల్లో బతుకుతాయి, కంటికి కనపడవు. పరుపు ఎన్నేళ్లది?

ఇంకో మాట, పిల్లి ఉన్న స్నేహితుల ఇంటికి వెళ్లి చూడాలనుకుంటే ఒక్క ఇంటికే వెళ్లకండి. ఆ ఇంట్లో పిల్లితో పాటు దుమ్ము కూడా ఉంటుంది కదా. పిల్లి ఉన్న ఇల్లు ఒకటి, లేని ఇల్లు ఒకటి, రెండింట్లో గంట గంట కూర్చుని రాయండి. ఒక్కసారి కాదు, రెండు మూడు సార్లు.

టెక్సాస్_తెలుగోడు (డల్లస్)

మా అనుభవం కొంచెం తిరగేసినట్టు ఉంటుంది. మాకు పిల్లే లేదు. కొత్త అపార్ట్‌మెంట్‌లోకి మారిన వారానికే మా ఆవిడకి కళ్లు వాచిపోవడం, రాత్రి ముక్కు బిగుసుకుపోవడం. సెడార్ పుప్పొడి అనుకున్నాం, ఇక్కడ చలికాలంలో అది చాలామందిని ఏడిపిస్తుంది, కానీ మేం మారింది జూన్‌లో. ఇంటికి పంపే ఫింగర్ ప్రిక్ కిట్ తెప్పించాం, స్పెసిఫిక్ ఐజీఈ కొలిచేదే, పిల్లికి పాజిటివ్ వచ్చింది. పిల్లే లేని ఇంట్లో పిల్లి ఎలర్జీ ఏంటి అని ఆ రిపోర్టు పక్కన పడేసాం. తర్వాత ఎలర్జీ డాక్టర్ దగ్గర స్కిన్ టెస్ట్‌లో కూడా అదే వస్తే అప్పుడు లీజింగ్ ఆఫీసులో అడిగాం, మాకు ముందు ఉన్నవాళ్లకి రెండు పిల్లులు. కార్పెట్ షాంపూ చేసారు కానీ మార్చలేదు. చెక్క ఫ్లోర్ ఉన్న యూనిట్‌కి మారాక తగ్గింది. మన ఊళ్లల్లో గచ్చు, టైల్సు ఉండటం ఎంత మేలో అప్పుడు తెలిసింది, తడిగుడ్డ పెడితే పోతుంది. కానీ పొడి చీపురుతో ఊడిస్తే పడుకున్నదంతా మళ్లీ గాల్లోకి లేస్తుంది, అది చూసుకోండి అండి.

గోదారమ్మ (రాజమండ్రి)

నేను పిల్లుల గురించి చెప్పేదాన్ని కాదు, ఉబ్బసం ఉన్న పిల్లాడి తల్లిగా ఒక్కటి చెప్పాలి, అందరూ చదవండి దయచేసి.

తుమ్ములు కళ్ల దురద వరకు అయితే పైన చెప్పిన గమనించే పద్ధతి బాగానే ఉంది. ఛాతీలో పిల్లికూతలు (ఊపిరి తీస్తుంటే ఈల లాంటి చప్పుడు) ఉంటే మాత్రం ఇంట్లో ఏ టెస్టూ చెయ్యకండి. పిల్లి ఉన్న ఇంటికి కావాలని తీసుకెళ్లి చూడటం లాంటివి అసలు వద్దు. రెండేళ్ల క్రితం మా ఆడపడుచు వాళ్ల గృహప్రవేశానికి వెళ్తే అక్కడ నాలుగు పిల్లులు, మావాడు ఎనిమిదేళ్ల వాడు, సాయంత్రం దాకా వాటితోనే ఆడాడు. రాత్రి పదకొండుకి దగ్గు మొదలై ఒంటిగంటకి మాట పూర్తిగా పలకలేకపోయాడు, మూడు మాటలకి ఒకసారి ఊపిరి. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోతోంది. చుట్టాలు ఆవిరి పట్టండి అంటున్నారు, నేను వినలేదు, 108 కి ఫోన్ చేసాను. ఆస్పత్రిలో నెబ్యులైజర్ పెట్టి రెండ్రోజులు ఉంచారు. మాట ఆగిపోతున్నా, పెదాలు నీలంగా అవుతున్నా ఒక్క నిమిషం ఆగకూడదు అని అప్పుడు డాక్టర్ గారు చెప్పింది ఇక్కడ రాస్తున్నాను.

తర్వాత ఆయనే పీక్ ఫ్లో మీటర్ కొనమన్నారు. చిన్న గొట్టం, గట్టిగా ఒక్క ఊపు ఊదాలి, ముల్లు ఎంతదాకా వెళ్లిందో రాసుకోవాలి. మూడు సార్లు ఊది అందులో పెద్దది తీసుకోవాలి, పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి. రెండు వారాలు రాస్తే ఊపిరి ఎప్పుడు తగ్గుతోందో డాక్టర్‌కి కళ్లకి కట్టినట్టు ఉంటుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు ఇంట్లో చేసుకోదగ్గది అదొక్కటే.

సముద్రంగాలి గారూ, మీవారికి రాత్రి దగ్గు, ఆయాసం, పిల్లికూతలు ఏమైనా ఉన్నాయా? పాపకి?

సముద్రంగాలి

మీరు రాసింది చదివి ఒళ్లు జలదరించింది అండి, బాబు ఇప్పుడు బాగున్నాడని ఆశిస్తున్నా. మా ఇంట్లో ఎవరికీ ఆయాసం కానీ పిల్లికూతలు కానీ లేవు, ఆయనది ముక్కూ కళ్లే. ఈ వారం ఈఎన్‌టీ డాక్టర్‌ని కలుస్తున్నాం. డైరీ ఇవాళ్టి నుంచి మొదలు. పరుపు మా పెళ్లప్పటిది, పదకొండేళ్లు, దూది పరుపు.

సముద్రంగాలి (ఆరు వారాల తర్వాత)

ఏం జరిగిందో చెప్దామని వచ్చాను, కొంచెం లేటయింది, క్షమించండి.

డాక్టర్ గారు ఛాతీ విని, బాగుంది అని చెప్పి సిట్రిజిన్ ఆపించారు, స్కిన్ టెస్ట్‌కి మూడు వారాల తర్వాత డేట్ ఇచ్చారు. ఆ మూడు వారాలు డైరీ రాసాం. రాసింది మా పాప. నాన్న తుమ్మితే చాలు పుస్తకం తెచ్చి గీత గీసేది, టైం వేసేది. నాకు దాచుకోలేనంత గర్వంగా అనిపించింది ఏంటంటే, లెక్క ఎక్కువైతే జున్నుని పంపేస్తారేమో అని పాపకి తెలుసు, అయినా ఒక్క గీత కూడా తగ్గించి వేయలేదు. ఒకరోజు పదిహేడు. పదిహేడు గీతలూ ఉన్నాయి.

మొదటి వారం చూస్తే దాదాపు అన్నీ పొద్దున్న ఐదున్నర నుంచి ఏడు లోపల, మళ్లీ రాత్రి దుప్పట్లు దులిపే టైముకి. జున్ను పగలంతా హాల్లో సోఫా మీద ఉంటాడు, ఆదివారం ఆయన అక్కడే కూర్చుంటారు, అప్పుడు తక్కువే. కానీ సున్నా కాదు. రెండో వారం ఆయనకి అదృష్టం కొద్దీ ఆఫీసు ట్రైనింగ్ శ్రీకాకుళంలో పడింది, లాడ్జిలో ఆరు రాత్రులు. నాలుగో రోజుకి పొద్దున్న రెండు తుమ్ములు, కళ్ల దురద లేదు. శనివారం సాయంత్రం తిరిగొచ్చి కాళ్లు కడుక్కుని జున్నుని ఎత్తుకున్నారు, వాడు ఆయన మెడలో మొహం పెట్టి రుద్దుకున్నాడు, పాప గడియారం చూస్తోంది. తొమ్మిదో నిమిషానికి కుడి కన్ను దురద, పన్నెండుకి మెడ మీద ఎర్రగా, ఐదు తుమ్ములు. నా గుండె జారిపోయింది. పాప ఏమీ మాట్లాడలేదు, రాసుకుంది. ఆదివారం పొద్దున్న మంచం మీదే, ఆ రాత్రి జున్ను మా గదిలోకే రాలేదు, అప్పుడే ఆ పదిహేడు.

పిల్లి లేని ఇల్లు కూడా దొరికింది, ఆయన కొలీగ్ ఇంట్లో అటక మీద నుంచి పాత సామాను దింపడానికి సాయం వెళ్లారు, అక్కడ పావుగంటలో ఎనిమిది.

టెస్టులో హిస్టమిన్ చుక్క 5 మిల్లీమీటర్లు, ఉప్పునీళ్లు సున్నా. డస్ట్ మైట్ 8, బొద్దింక 4, పిల్లి 4. అంటే పిల్లి కూడా ఉంది, కాదని అబద్ధం చెప్పలేను, కానీ పెద్దది పరుపులో ఉంది. డైరీ చూపిస్తే డాక్టర్ గారు టెస్ట్ రిపోర్టు పక్కన పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పారు, మీరు ఇంట్లోనే సగం పని చేసుకొచ్చారు అన్నారు. గుంటూరు సార్ చెప్పిందీ ఇదే.

ముక్కులో స్ప్రే రోజూ, ఎలా కొట్టుకోవాలో కూడా చూపించారు, ముక్కు మధ్య గోడకి తగలకుండా పక్కకి వంచి కొట్టాలట, ఇది ఎవరూ చెప్పలేదు ఇంతకుముందు. పాత పరుపు తీసేసాం, కొత్తదానికీ దిళ్లకీ జిప్ కవర్లు వేసాం, దుప్పట్లు వారానికోసారి బాగా వేడి నీళ్లలో, 60 డిగ్రీలు పెట్టి వాషింగ్ మెషిన్‌లో వేస్తున్నాం. బెడ్‌రూమ్‌లోకి జున్నుకి ప్రవేశం లేదు. మొదటి నాలుగు రాత్రులు తలుపు గీకి గీకి ఏడ్చాడు, ఇప్పుడు అత్తయ్యగారి గది గుమ్మం దగ్గర గోనెపట్టా మీద పడుకుంటున్నాడు. ఆవిడే వేసారు ఆ పట్టా. డాక్టర్ గారి ముందు ఆవిడ కూడా కూర్చుని విన్నారు, తమ్ముడి సంగతి చెప్పారు, వీడికి ఛాతీ శుభ్రంగా ఉందమ్మా అని ఆయన రెండుసార్లు చెప్తే అప్పుడు ఊపిరి పీల్చుకున్నారు. ఆవిడకి కూడా ఒక టెస్టు కావాల్సి వచ్చింది అని నాకు అప్పుడు అర్థమైంది.

జున్నుని ఎత్తుకుంటే చేతులు కడుక్కుని చొక్కా మార్చుకుంటున్నారు, మొహానికి ఆనించుకోవడం మానేసారు. నిన్న పొద్దున్న మూడు తుమ్ములు. జనవరిలో జున్ను ఆపరేషన్. ఇంత చేసినా తగ్గకపోతే ఇమ్యునోథెరపీ (పడని వస్తువునే కొంచెం కొంచెంగా ఇస్తూ ఒంటికి అలవాటు చేసే వైద్యం) గురించి ఆలోచిద్దాం అన్నారు, దానికి మూడేళ్ల పైన పడుతుందట, చూద్దాం.

ఓరుగల్లు_బిడ్డ

పానం నిమ్మలమైంది అక్కా. మీ పాపకు నా తరఫున దండం జెప్పు. ఆ పుస్తకంల గడులు ఎట్ల గీసిందో జెప్తవా? మా అక్క కొడుక్కి గూడ పొద్దున తుమ్ములే, వాళ్లింట్ల రెండు పిల్లులు, నిన్నటి సంది వాటిని ఇచ్చేద్దామని మాట నడుస్తున్నది. ఆపిన.

సముద్రంగాలి

ఆపి మంచి పని చేసారు తమ్ముడూ. బాబుకి దగ్గు పిల్లికూతలు లేవని ముందు అడగండి, ఉంటే డైరీ కాదు డాక్టరే. లేకపోతే పాప గీసింది ఇదీ: ఆరు గడులు. టైము, ఏ గదిలో, అంతకుముందు గంటలో ఏం చేసారు (ఊడ్చారా, దుప్పటి దులిపారా, అగరొత్తి వెలిగించారా), పిల్లి ఎంత దూరంలో ఉంది, తుమ్ములు ఎన్ని, కళ్లు సున్నా నుంచి మూడు వరకు. ఏడో గడి పాప సొంతంగా కలిపింది, ఆ రోజు మాత్ర వేసుకున్నారా లేదా. తుమ్ములు రాని రోజు కూడా సున్నా అని రాయాలి, ఖాళీ వదిలితే మర్చిపోయారో రాలేదో తర్వాత తెలీదు అని మా పాప చెప్పమంది.